తొమ్మిదో రీలు

పొగిడితే బ్రహ్మయ్యకు ఒళ్ళు మండుతుంది. పొగడ్త వెనక ఏదో పని ఉంటుందని ఆయన నమ్మకం. డెబ్భై రెండేళ్ళలో ఆ నమ్మకం తప్పని చూపించినవాడు లేడు. అలాంటి మనిషి కోడలి పొగడ్తకు మాత్రం మెత్తబడ్డాడు. మెత్తబడి నోరు జారాడు. ఆ జారిన మాటలన్నీ ఇప్పుడు పోస్టరై వంటింటి తలుపుకు అతుక్కుని ఉన్నాయి.

పోస్టరు మీద జర్మన్‌లో ఒక వాక్యం, దాని కింద తెలుగులో ఆయన పేరు. ‘పేరు లేనివాళ్ళకు పేరు పెట్టినవాడు’ అని దాని అర్థమట. వచ్చే ఆదివారం పొద్దున్న పదకొండింటికి, హాంబర్గ్‌లోనే ఆల్టోనా అనే చోట ఒక చిన్న కినోలో ప్రదర్శన. సినిమా హాలును ఇక్కడ కినో అంటారు. కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ బ్రహ్మయ్య ఆ పోస్టరు వైపు చూడకుండా పక్కకు తిరిగి నడుస్తున్నాడు.

హాంబర్గ్‌కు ఆయన మూడు నెలల వీసా మీద వచ్చాడు. రెండు నెలలు గడిచిపోయాయి. భార్య సీతారత్నం పోయి మూడేళ్ళు. ఆవిడ ఉన్నప్పుడు కొడుకు శరత్ ఇద్దర్నీ రమ్మని ఎన్నిసార్లు పిలిచినా బ్రహ్మయ్య కదల్లేదు. ఆవిడ పోయాక ఒక్కడూ వచ్చాడు. రావలసినప్పుడు రానివాడు తర్వాత వస్తే ఎవడికి లాభమని తనను తనే తిట్టుకుంటూ, కిటికీ పక్కన కూర్చుని వానను కూడా తిడుతూ ఉంటాడు.

కోడలు రాజ్యశ్రీది కాకినాడ. శరత్ విమానాల కంపెనీలో కంప్యూటర్ల పని చేస్తుంటే, కూతురు సహస్ర బడికి వెళ్ళడం మొదలయ్యాక ఈవిడ యూనివర్సిటీలో చేరింది. చదివేది సినిమాలు. చదువు పూర్తి కావాలంటే ఒక పుస్తకమంత వ్యాసం రాసివ్వాలి. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటి హాలీవుడ్ నేరకథా చిత్రాల్లో నల్లవాళ్ళూ, చైనావాళ్ళూ, మెక్సికోవాళ్ళూ, మనబోటివాళ్ళూ ఎక్కడున్నారన్నది ఆవిడ విషయం.

"ఎక్కడున్నారేంటి?" అని అడిగాడు బ్రహ్మయ్య, వచ్చిన కొత్తలో.

"వంటింట్లో ఉన్నారండి. రైల్లో బూట్లు తుడుస్తున్నారు. లిఫ్టులో మీటలు నొక్కుతున్నారు. నలభై ఒక్క సినిమాలు చూశాను మావయ్యగారూ. పనివాళ్ళు నూట ముప్పై నాలుగు మంది తేలారు. పేరున్నవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళని ‘ఏయ్, ఇటు రా’ అనడమే. చివర్లో నటుల పేర్లు వేస్తారు చూడండి, అందులో కూడా వాళ్ళు లేరు."

"మా డేరాలో అందరికీ పేర్లుండేవి" అన్నాడు బ్రహ్మయ్య.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

*

ఆయన కుర్రతనంలో, గోదావరి పక్క వాళ్ళ ఊళ్ళో, కోతలయ్యాక వెంకటరామారావనే ఆయన డేరా సినిమా వేసేవాడు. వానలు పడేదాకా డేరా ఊళ్ళోనే ఉండేది. తెలుగు పిక్చరు దొరకని వారం బెజవాడ నుంచి ఇంగ్లీషు పిక్చరు పెట్టె వచ్చేది. ఊళ్ళో ఇంగ్లీషు ఎవరికీ రాదు. ఎనిమిదో తరగతి చదివాడనీ, గొంతు బాగుందనీ బ్రహ్మయ్యకు మైకిచ్చి తెర పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. బ్రహ్మయ్యకూ ఇంగ్లీషు అంతంత మాత్రమే. పెట్టెతో పాటు కథాసారమని తెలుగులో ఒక కాగితం వచ్చేది. అది చదువుకుని, బొమ్మను చూసి, మిగతాది నోటితో కుట్టేవాడు.

ఆ కుట్టడంలోనే ఉంది ఆయన ప్రతిభంతా. తెర మీద ఒక పనిమనిషి కప్పు పట్టుకుని వస్తే, "వచ్చిందయ్యా మన పెరుగుల మంగ!" అనేవాడు. వంటవాడు కనిపిస్తే వీరాసామి. నేల మీద కూర్చున్న జనం విరగబడి నవ్వేవాళ్ళు. దొరలు మాట్లాడుకుంటుంటే ఎవరికీ పట్టేది కాదు. పనివాళ్ళు రాగానే డేరా లేచి కూర్చునేది.

రాజ్యశ్రీ ఇదంతా ఫోనులో రికార్డు చేసుకుంది. ఏ సినిమాలు, ఏ బొమ్మలు, ఎవరికి ఏ పేరు అని గుచ్చి గుచ్చి అడిగింది. ఎక్కువగా అడిగింది ఒక హోటలు సినిమా గురించి. ఏడో అంతస్తులో ఒక ముసలి దొరసాని హత్య. హోటల్లో ఇనప లిఫ్టు. అందులో గుండీల కోటు వేసుకుని, మీట పట్టుకుని నిలబడ్డ నల్లజాతి మనిషి. లిఫ్టంటే ఊళ్ళో ఎవరూ చూడలేదు కాబట్టి బ్రహ్మయ్య దాన్ని ‘పైకెక్కే గది’ అన్నాడు. ఆ మనిషికి దేవదానం అని పేరు పెట్టాడు.

"దేవదానం!" అని రాసుకుంటూ మురిసిపోయింది రాజ్యశ్రీ. "ఎంత బాగుందండీ. అమెరికాలో ఎవరూ పేరు పెట్టని మనిషికి, ఎక్కడో గోదావరి పక్క డేరాలో మీరు పేరు పెట్టారు. మా ప్రొఫెసర్‌కి చెప్పాను, ఎగిరి గంతేశారు. ఆఖరి చాప్టర్ మొత్తం మీ మీదే."

బ్రహ్మయ్య తల ఊపాడు. పెట్టింది తనేనా అని ఆవిడ అడగలేదు, కాదని ఆయన చెప్పలేదు.

*

ఆదివారానికి ఇంకా ఐదు రోజులుందనగా రాజ్యశ్రీ లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. బయట గాలికి కిటికీ అద్దాలు కొట్టుకుంటున్నాయి.

"వచ్చేసింది మావయ్యగారూ, ఆదివారం వేసే ఆ హోటలు సినిమా! మీరు చెప్పిన గుర్తులతో వెతికితే అమెరికాలో ఒక ఆర్కైవ్‌లో ఉంది. శుభ్రం చేసి పంపారు. తొమ్మిది రీళ్ళూ ఉన్నాయి."

"తొమ్మిదోది కూడానా?"

"మొత్తం ఉందండి. ఏం?"

"ఏం లేదు. ఆ రీలు మా ఊరు రాలేదు."

రాలేదు. పెట్టెలో ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది అంతకుముందు ఆడిన ఊళ్ళో ఉండిపోయింది. సైకిలు మీద మనిషిని పంపించామనీ, రేపొస్తుందనీ కబురు. కథాసారం తీసి చూస్తే చివర ఎప్పుడూ ఉండే ముక్కే ఉంది, హంతకుడెవరో వెండితెర మీదే చూడండని. వెండితెరేమో ఎనిమిదో రీలుతో తెల్లబోయింది. జనం ఈలలు, కేకలు. "ఎవడ్రా చంపింది, చెప్పి తగలడు!" అని ముందు వరస నుంచి ఎవడో మట్టిబెడ్డ విసిరాడు. వెంకటరామారావు చెమటలు కక్కుకుంటూ వచ్చి బ్రహ్మయ్య చెవిలో అన్నాడు: "ముగించరా బాబూ, ఎలాగోలా ముగించు, డేరా పీకేసేలా ఉన్నారు."

బ్రహ్మయ్య ముగించాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ముగించాడు. హంతకుడెవరో కాదు, అందరి కళ్ళముందే నిలబడి ఉన్నాడు, నోట్లో నాలుక లేనట్టు నటించాడు, అతడే పైకెక్కే గది కావలివాడు దేవదానం, అన్నాడు. చప్పట్లతో డేరా గుడ్డ ఊగింది. నాలుగు రోజులు ఆడింది ఆ పిక్చరు. తొమ్మిదో రీలు రానే లేదు. నాలుగు రోజులూ అదే ముగింపు.

ఆ రీలునిప్పుడు యాభై ఏళ్ళ తర్వాత వంటింటి బల్ల మీద చూశాడు బ్రహ్మయ్య. పదకొండు నిమిషాలు. పోలీసు అధికారి హోటల్లో వాళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. అల్లుణ్ణి అడిగాడు. లాయర్ని అడిగాడు. పూలు అమ్మే పిల్లను అడిగాడు. చివరికి లాయరు కోటు చేతికి గుండీ ఒకటి ఊడి ఉందని పట్టుకున్నాడు. బేడీలు వేశారు. కిందికి తీసుకెళ్ళారు, అదే లిఫ్టులో. లిఫ్టువాడు మీట నొక్కాడు. సినిమా అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఇంతేనండి."

"వాణ్ణి అడగలేదే?"

"ఎవర్ని?"

"ఆ లిఫ్టువాణ్ణి! ఏడో అంతస్తుకి ఎవడెక్కాడు, ఎవడు దిగాడు... వాడికంటే ఎవడికి తెలుసు? మొదట్లోనే అడిగుంటే తొమ్మిది రీళ్ళెందుకు, రెండు రీళ్ళలో తేలిపోయేది."

రాజ్యశ్రీ పగలబడి నవ్వింది. "అదేనండీ నా థీసిస్! అతను వాళ్ళకి కనపడడు. సాక్షిగా కనపడడు, చివరికి అనుమానించడానిక్కూడా కనపడడు. అందుకే మీరు చేసింది గొప్ప అంటున్నాను. మీ కథలో అతనికి పేరుంది, గొంతుంది. అవునూ, రీలు లేకపోతే మరి మీరెలా ముగించారు?"

బ్రహ్మయ్య లాప్‌టాప్ మూత మూసేశాడు.

"కూర్చో" అన్నాడు. "నీ చాప్టరుకి పనికిరాని ముక్క ఒకటుంది."

*

చెప్పాడు. ఎక్కడా ఆగకుండా, గొంతు మార్చకుండా, ఫిర్యాదు చదివినట్టు చెప్పాడు.

దేవదానం ఆయన పెట్టిన పేరు కాదు, తీసుకున్న పేరు. మంగ నిజంగానే ఊళ్ళో పెరుగు అమ్మేది. వీరాసామి సత్రంలో వంటవాడు. దేవదానం ఊరి చివర పేటలో మనిషి, బియ్యం మిల్లు కావలివాడు. మిల్లు యజమాని ఇచ్చిన పాత ఖాకీ కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఇనప గేటు దగ్గర నిలబడేవాడు. మాట నెమ్మది. ఒక్కో మాటకూ ముందు ‘అయ్యా’ అనేవాడు. తెర మీద కోటు మనిషి కనిపించగానే బ్రహ్మయ్య ఆ గొంతు పెట్టాడు. డేరా అంతా ఒక్కసారిగా గుర్తుపట్టి గొల్లుమంది. దొరలకు మాత్రం ఊళ్ళో పెద్దింటివాళ్ళ పేర్లు ఏనాడూ పెట్టలేదు. పెడితే వీపు చిట్లుతుందని తెలుసు. వాళ్ళు ‘లాయరు దొర’, ‘అల్లుడు దొర’. అంతే.

పిక్చరు వెళ్ళిపోయిన పది రోజులకు మిల్లు యంత్రాన్ని తిప్పే కొత్త తోలు బెల్టు పోయింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు. "ఇంకెవడు, సినిమాలో చూళ్ళేదూ?" అన్నాడొకడు నవ్వులాటకు. సాయంత్రానికి అది నవ్వులాటగా మిగల్లేదు. దేవదానాన్ని మిల్లు గేటుకు కట్టి కొట్టారు. ఖాకీ కోటు విప్పించి కొట్టారు, చిరిగిపోతుందని.

మర్నాడు అతని భార్య ఎస్తేరమ్మ బ్రహ్మయ్య ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. "బాబూ, ఇయ్యాల మైకులో ఒక్క మాట చెప్పు. ఆ ముగింపు బొమ్మలో లేదనీ, నువ్వే అల్లావనీ. చాలు" అంది.

బ్రహ్మయ్య "చూద్దాంలే అమ్మా" అన్నాడు. వెంకటరామారావును అడిగితే, "ఇప్పుడు చెప్తే రేపట్నుంచి నీ మాట ఎవడు వింటాడు? వేడి చల్లారనీ" అన్నాడు. ఆ రాత్రీ, మర్నాడూ బ్రహ్మయ్య మైకు ముందు కూర్చున్నాడు. వేరే పిక్చరుకు వేరే కథ చెప్పాడు. మూడో రోజు పేటలో ఆ ఇంటికి తడిక కట్టి ఉంది. మనుషులు లేరు. ఆరు నెలల తర్వాత మిల్లు గుమాస్తా భాస్కర్ రావు పశువుల కొట్టంలో బెల్టు దొరికింది. అతన్ని ఎవరూ గేటుకు కట్టలేదు. బంధువుల ఊరు పంపించారు.

"అత్తయ్యగారికి తెలుసా?" అంది రాజ్యశ్రీ.

"ఎస్తేరమ్మ వచ్చినప్పుడు తలుపు వెనకే ఉంది. పెళ్ళయి నాలుగు నెలలు. నా గొంతు చూసి మురిసిపోయి చేసుకున్న మనిషి. అంతా విని, ఒక్క మాటంది. ‘నీ నోరు ఎంతో పెద్దదనుకున్నాను, ఇంతేనా’ అని. తర్వాత నాతో కలిసి ఒక్క సినిమా చూడలేదు. టీవీలో వస్తున్నా లేచి వెళ్ళిపోయేది. మీరంతా ఆవిడకి సినిమాలంటే ఇష్టం లేదనుకున్నారు."

రాజ్యశ్రీ మూసిన లాప్‌టాప్‌ను తన వైపు లాక్కుంది.

"నువ్వు రాసిందంతా మార్చు" అన్నాడు బ్రహ్మయ్య. "లేకపోతే ఆదివారం మైకులో నేనే చెప్తాను."

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తేలిపోవలసిన సంగతి తేలలేదు. శరత్ విని, చపాతీ ముక్క చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"నాన్నా, యాభై ఏళ్ళ కిందటిది. ఇప్పుడెందుకండీ అదంతా?"

"ఎందుకంటే అప్పుడు చెప్పలేదు కాబట్టి."

"హాల్లో సగం మంది జర్మన్లుంటారు. మన గురించి వీళ్ళకి తెలిసేదే రెండు ముక్కలు. అందులో ఒకటి ఇదే అవ్వాలా?"

"మరేం తెలియాలిరా? దోసె ముక్కా?"

"మావయ్యగారూ, అబద్ధం చెప్పమనట్లేదు నేను" అంది రాజ్యశ్రీ. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. "వ్యాసం ఇవ్వడానికి పన్నెండు రోజులే ఉంది. ఇంకో గడువు తేదీ అడిగితే మళ్ళీ ఆరు నెలలు పోతాయి. పేర్ల వరకు చెప్పండి. ఎనిమిదో రీలు దగ్గర ఆపేద్దాం. మీ డేరాలో కూడా అక్కడే ఆగింది కదా, అది నిజమే కదా. ఆ తర్వాతది... తర్వాత ఎప్పుడైనా రాస్తాను. వేరేగా."

"వెంకటరామారావు కూడా ఇలాగే అన్నాడు. కాస్త వేడి చల్లారనీ అని."

"నన్ను ఆయనతో పోల్చకండి!"

అంతవరకు కంచంలో పప్పు గీతలు గీస్తున్న సహస్ర తలెత్తింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లోనే.

"వేర్ ఇస్ట్ దేవదానం?" అంది. ఎవరు దేవదానం అని.

"ఎవరూ కాదు. నువ్వు తిను" అంది రాజ్యశ్రీ.

అనేసి ఆగిపోయింది. ఎత్తిన గరిటె అలాగే ఉంది. శరత్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పిల్ల ముగ్గురి మొహాలూ చూసి, తనేం తప్పన్నదో అర్థంకాక, కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

*

ఆదివారం కినోలో డెబ్భై మంది దాకా వచ్చారు. తెలుగు పిల్లలే ముప్పై మంది ఉంటారు. పాడర్‌బోర్న్ నుంచి కూడా నలుగురు తెల్లారగట్ల రైలెక్కి వచ్చారు. ముందు వరసలో కురచ జుట్టు ప్రొఫెసరమ్మ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సినిమాకు శబ్దం తీసేశారు. తెర పక్కన రెండు మైకులు. ఒకటి బ్రహ్మయ్యకు, ఇంకోటి రాజ్యశ్రీకి. ఆయన తెలుగులో చెప్పింది ఆవిడ అప్పటికప్పుడు జర్మన్‌లో చెప్పాలి.

ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడు గానీ, ఎస్‌బాన్ రైల్లో గానీ మామా కోడళ్ళు ఆ మాట ఎత్తలేదు. ఆయన చెప్తాడో లేదో ఆవిడకు తెలియదు. చెప్తే ఆవిడ జర్మన్‌లో ఏమంటుందో ఆయనకు తెలియదు. ఆయనకు వచ్చిన జర్మన్ థాంక్స్ చెప్పే ‘డాంకె’ ఒక్కటే.

బొమ్మ మొదలైంది. బ్రహ్మయ్య మైకు నోటికి దగ్గరగా తీసుకున్నాడు. మొదటి మాటకు గొంతు బొంగురు పోయింది, రెండో మాటకు తిరిగొచ్చింది. "వచ్చిందయ్యా మన పెరుగుల మంగ!" అనగానే తెలుగు పిల్లలు నవ్వారు. రాజ్యశ్రీ జర్మన్‌లో చెప్పాక మిగతావాళ్ళు నవ్వారు. యాభై ఏళ్ళ కిందటి రుచి నాలుక మీదికి వచ్చింది. అది తియ్యగానే ఉంది. ఇంకా తియ్యగానే ఉన్నందుకు బ్రహ్మయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లిఫ్టువాడు కనపడ్డప్పుడు ఆయన గొంతు మార్చలేదు. పేరు చెప్పలేదు. "ఈయన లిఫ్టు నడుపుతాడు" అన్నాడంతే. రాజ్యశ్రీ చప్పున ఆయన వైపు చూసి, ఆ ముక్కే జర్మన్‌లో అంది.

ఎనిమిదో రీలు చివర, ముసలి దొరసాని గది తలుపు తెరుచుకుంటుండగా బొమ్మ ఆపేశారు. దీపాలు వెలిగాయి. చర్చ మొదలవ్వాలి. బ్రహ్మయ్య మైకు వదల్లేదు.

"మాకు ఇక్కడితో రీలు అయిపోయింది" అన్నాడు. "జనం కేకలేశారు. నేను ముగించాను. ఎలా ముగించానో వినండి." అప్పటి గొంతుతోనే అన్నాడు, అక్షరం పోకుండా: "హంతకుడెవరో కాదు! మీ కళ్ళముందే ఉన్నాడు! నోట్లో నాలుక లేనట్టు నటించాడు! అతడే, పైకెక్కే గది కావలివాడు, దేవదానం!"

తెలుగు పిల్లలు ఈల వేసి చప్పట్లు కొట్టారు. ఒకడు "తాతా, కేక!" అని అరిచాడు.

"ఇలాగే కొట్టారు వాళ్ళు కూడా" అన్నాడు బ్రహ్మయ్య. చప్పట్లు తగ్గేదాకా ఆగాడు. "దేవదానం నేను పెట్టిన పేరు కాదు. మా ఊరి మనిషిది. ఆయన గొంతు దొంగిలించాను, పేరు దొంగిలించాను, హత్య అంటగట్టాను. పది రోజులకు మిల్లులో దొంగతనం జరిగితే, నా ముగింపును సాక్ష్యం చేసి ఆయన్ని గేటుకి కట్టి కొట్టారు. ఆయన భార్య ఎస్తేరమ్మ నా దగ్గరికొచ్చి, అది కల్పన అని మైకులో చెప్పమంది. చెప్పలేదు. పిరికితనం వల్ల చెప్పలేదు, వేరే కారణం లేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఆ ముగింపు బొమ్మలో లేదు. నేను అల్లింది. దేవదానం ఏ తప్పూ చెయ్యలేదు. వినాల్సినవాళ్ళు ఒక్కరూ ఇక్కడ లేరు. అయినా చెప్తున్నాను."

మైకు బల్ల మీద పెట్టాడు.

తెలుగు వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తెలుగు రానివాళ్ళు రాజ్యశ్రీ వైపు చూస్తున్నారు. ప్రొఫెసరమ్మ కలం పట్టుకుని చూస్తోంది. రాజ్యశ్రీ చేతిలో మైకుంది. ఏం చెప్పినా చెల్లుతుంది. ‘మా మామగారు ఆ రోజుల్ని తలుచుకుని బాధపడుతున్నారు’ అంటే సరిపోతుంది. ఎవరూ కాదనరు. ఆ స్టూలు మీద కూర్చున్నవాడికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో బ్రహ్మయ్య కంటే తెలిసినవాడు ఆ హాల్లో లేడు.

ఆవిడ గొంతు సవరించుకుంది. మొదలుపెట్టింది. ఆయన ఒక్క మాట కోసమే చెవులు నిక్కించి వింటున్నాడు. జర్మన్ మాటలు గులకరాళ్ళలా దొర్లుతున్నాయి. వాటి మధ్య వినపడింది: దేవదానం. కాసేపటికి ఇంకోసారి. తర్వాత ఎస్తేరమ్మ. ఆయన ఎంతసేపు మాట్లాడాడో ఆవిడా అంతసేపు మాట్లాడింది.

ప్రొఫెసరమ్మ అప్పటిదాకా రాసుకున్న కాగితం తిప్పేసి కొత్తది తీసింది.

పాడర్‌బోర్న్ నుంచి వచ్చిన కుర్రాడు, సాయితేజట పేరు, తెలంగాణ పిల్లాడు, లేచి నిలబడ్డాడు. ఇందాక ఈల వేసింది అతనే.

"తాతా, గాయన పిల్లలేడున్నరిప్పుడు? ఎన్నడన్న తెలుసుకున్నరా?"

"లేదు" అన్నాడు బ్రహ్మయ్య.

"ఎందుకు?"

"తెలుసుకుంటే వెళ్ళాలి కదా నాయనా."

సాయితేజ కూర్చున్నాడు. ఆ జవాబును కూడా రాజ్యశ్రీ జర్మన్‌లో చెప్పింది. మెచ్చుకోలుగా తల ఊపినవాళ్ళు ఎవరూ లేరు. అది బ్రహ్మయ్యకు నచ్చింది.

*

అందరూ వెళ్ళాక శరత్ పిల్లను తీసుకుని వేడి చాక్లెట్టు కొనడానికి వెళ్ళాడు. మామా కోడళ్ళు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నారు. గాలికి రాజ్యశ్రీ జుట్టు మొహం మీద పడుతోంది. ఆవిడ తీసుకోవడం లేదు.

"నా చాప్టర్ పోయింది" అంది.

"పోయింది."

"సారీ కూడా చెప్పరా?"

"నీకు చెప్పేదేముంది? నువ్వు మళ్ళీ రాసుకోగలవు."

ఆవిడ కోపంగా చూసింది. తర్వాత ఇష్టం లేకుండానే నవ్వు వచ్చింది. "ప్రొఫెసర్ మూడు వారాలు గడువు పెంచారు. ఇప్పుడు రాయాల్సిందే అసలు చాప్టరట. ఆవిడకేం, చెప్తారు. రాయాల్సింది నేను." సంచీలోంచి నోటుపుస్తకం తీసి, గాలికి ఎగరకుండా మోకాలి మీద అదిమి పట్టుకుంది. "సరే, చెప్పండి. మొదట్నుంచి. ఇంటిపేరు?"

"దేవదానానిదా? తెలియదు."

"వయసు?"

"నలభై ఉండొచ్చు. ‘ఉండొచ్చు’ అని రాయి."

"పిల్లలు?"

"ఒక ఆడపిల్లను చూశాను. ఇంకా ఉన్నారేమో తెలియదు."

"ఊరు వదిలి ఎటు వెళ్ళారు?"

బ్రహ్మయ్య నోరు తెరిచాడు. ఏలూరు వైపు, అనడానికి నాలుక సిద్ధంగా ఉంది. రైలు స్టేషనుకు నడిచి వెళ్ళారనీ, ఎస్తేరమ్మ నెత్తిన మూట ఉందనీ, పిల్ల వెనక్కి తిరిగి చూసిందనీ కూడా సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ ఆయన చూడలేదు. చెబితే ఎవరైనా నమ్ముతారు. బాగుంటుంది కూడా.

రాజ్యశ్రీ కలం ఆపి ఎదురు చూస్తోంది.

"తెలియదని రాయి" అన్నాడు బ్రహ్మయ్య.

ఆవిడ రాసింది. రైలు రావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. తర్వాతి ప్రశ్న అడిగింది.